మనం పచ్చడి నూరుకుంటాం, వాళ్ళు పండక్కి తాగుతారు

గోంగూర అంటే మనకి ఆకు, అంతే. పచ్చడి ఆకుతో, పప్పు ఆకుతో, మాంసం ఆకుతో, రొయ్యలు ఆకుతో, ఆఖరికి బిర్యానీ హోటళ్ళ వాళ్ళు కూడా గోంగూర బిర్యానీ అని బోర్డు పెట్టి ఆకే వేస్తున్నారు. ఆ మొక్క పూస్తుందని, పువ్వు రాలిపోయాక దాని కింద ఎర్రగా కండ పట్టిన కాయలాంటిది ఒకటి మిగులుతుందని మనలో చాలామంది చూసి కూడా ఉండరు, ఎందుకంటే అంతవరకు మొక్కని బతకనిస్తేగా మనం! కానీ బయట దేశాల్లో కథ పూర్తిగా తిరగబడి ఉంది, ఆకు సంగతి పెద్దగా పట్టించుకోకుండా ఆ ఎర్ర కాయ కోసమే మొక్కని పెంచుతారు, దాన్ని నీళ్ళలో నానబెట్టి పండగలకి తాగుతారు. జమైకా, ట్రినిడాడ్ లో క్రిస్మస్‌కి, ఈజిప్టు, సూడాన్ లో పెళ్ళిళ్ళకి, రంజాన్‌కి, సెనెగల్ లో పిల్లాడికి పేరు పెట్టే రోజున, మెక్సికోలో డిసెంబర్ చలి రాత్రుల్లో. పేర్లు వేరు, సారెల్ అంటారు, కర్కదే అంటారు, బిస్సాప్ అంటారు, సోబొలో, జోబో, హమైకా... మొక్క మాత్రం ఒక్కటే, హైబిస్కస్ సబ్దారిఫా, అంటే మన గోంగూరే, తెలంగాణ వాళ్ళ పుంటికూరే.

నేను ఉండేది కెనడాలో బ్రాంప్టన్ లో. ఇక్కడ పంజాబీ వాళ్ళు ఎంతమంది ఉన్నారో అందరికీ తెలుసు గానీ కరీబియన్ వాళ్ళు కూడా బాగానే ఉంటారు, వాళ్ళ కొట్లలో నవంబర్ ఆఖరుకల్లా ఈ ఎర్ర కాయలు అట్టపెట్టెల్లో పోసి అమ్ముతుంటారు. మా పక్కింట్లో జమైకా ఆవిడ ఒకావిడ ఉన్నారు, రిటైర్డ్ నర్సు, మా పిల్లలు ఆంటీ అంటారు నేనూ ఆంటీయే అంటాను. డిసెంబర్ వచ్చిందంటే ఆవిడ కిచెన్ టేబుల్ మీద న్యూస్ పేపర్ పరిచి కాయలు ఒలుస్తూ కూర్చుంటారు, నేను వెళ్తే నాకూ ఒక చాకు ఇచ్చి కూర్చోబెడతారు. కాయ అంటున్నాను గానీ నిజానికి అది కాయ కాదు, చిన్నప్పుడు సైన్సు పుస్తకంలో రక్షక పత్రావళి అని చదివాం చూడండి, పువ్వు అడుగున ఆకుపచ్చగా గిన్నెలా ఉండేది, అదే ఈ మొక్కలో ఎర్రబడి, లావెక్కి, పుల్లగా తయారవుతుంది. లోపల అసలు కాయ, అంటే గింజల బుర్ర, ఆకుపచ్చగా ఉంటుంది. అడుగున చుట్టూ చాకుతో గీసి ఆ బుర్రని బయటికి తోసేస్తే ఎర్ర రేకులు చేతికొస్తాయి. చేస్తే సులువే గానీ బుట్టెడు ఒలిచేసరికి వేళ్ళు రెండ్రోజులు ఎర్రగానే ఉంటాయి.

వీడియో కాల్ లో అమ్మకి చూపిస్తే ముందు నవ్వింది. "ఏంటే, గోంగూర కాయలు నానేసుకుని తాగుతున్నారా, మీకక్కడ కూల్‌డ్రింకులు దొరకట్లేదా" అని. మాది తెనాలి దగ్గర, మా అమ్మ లెక్కలో గోంగూరని ఉప్పు కారం లేకుండా ముట్టుకోవడమే తప్పు. దానికి పంచదార కలుపుతారని చెప్పేసరికి ఇంక మాట్లాడలేదు.

సరే, జమైకా వాళ్ళు చేసే పద్ధతి చెప్తాను, నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. ఒలిచిన రేకుల్లో అల్లం బాగా, చాలా బాగా అంటే మనం టీలో వేసే లెక్క కాదు, గుప్పెడు అల్లం తురుము, లవంగాలు, పిమెంటో గింజలు (మనకి ఆల్‌స్పైస్ అని దొరుకుతుంది, ఆ చెట్టు జమైకా సొంత చెట్టు) వేసి, మీద మరిగే నీళ్ళు పోసి మూతపెట్టి రాత్రంతా వదిలేస్తారు. కొందరు రెండ్రోజులు కూడా ఉంచుతారు. తర్వాత వడకట్టి పంచదార కలిపి, పెద్దవాళ్ళకైతే రమ్ము. ఆ రమ్ము మామూలుది కాదు, తెల్లగా నీళ్ళలా కనపడే ఓవర్‌ప్రూఫ్, 63 శాతం ఆల్కహాల్, మూత తీస్తేనే కళ్ళు మండుతాయి. మా ఆంటీ రెండు సీసాల్లో పోస్తారు, చర్చి వాళ్ళకి ఒకటి, మిగతా వాళ్ళకి ఒకటి, రెండు సీసాలూ అచ్చం ఒకేలా ఉంటాయి కాబట్టి మూతకి రిబ్బన్ కడతారు. రిబ్బన్ ఉన్నది ఎవరిదో నేను చెప్పను.

రుచి ఎలా ఉంటుందంటే, మొదట పులుపు, వెంటనే తీపి, గొంతులోకి దిగాక అల్లం ఘాటు. శ్రీరామనవమి పానకం తాగినప్పుడు మిరియం శొంఠి ఎలా ఆలస్యంగా వచ్చి పట్టుకుంటాయో అలాంటి పట్టే, కాకపోతే ఇది పుల్లగా, నెత్తురంత ఎర్రగా ఉంటుంది.

అక్కడి క్రిస్మస్ భోజనం వివరాలు విన్నాక నాకు ఇంకో విషయం తట్టింది. హామ్ ఉంటుంది, మేక కూర ఉంటుంది (కర్రీ గోట్ అంటారు, 1845 నుంచి కూలీలుగా ఓడల్లో వెళ్ళిన మనవాళ్ళ చేతి వంట అది), రమ్ములో నానిన ఎండు పళ్ళ నల్ల కేక్ ఉంటుంది, వీటితో పాటు గుంగో పీస్ వేసి కొబ్బరిపాలతో వండిన అన్నం ఉంటుంది. గుంగో పీస్ అంటే ఏంటో అనుకున్నా, తీరా చూస్తే కందులు! పచ్చి కందికాయ ఒలిచిన గింజలు. అంటే జమైకా వాడి పండగ పళ్ళెంలో కందులు, గ్లాసులో గోంగూర. మనం రోజూ తినే కందిపప్పు గోంగూరని వాళ్ళు విడదీసి ఒకటి తింటున్నారు ఇంకోటి తాగుతున్నారు అన్నమాట.

ఇది ఏదో కాకతాళీయంగా జరిగింది కాదు. గోంగూర, కంది, రెండూ పగటి పొద్దు తగ్గితే గానీ పూత పట్టని మొక్కలు. గోంగూర జాతి మొక్క పగలు ఇంచుమించు పన్నెండు పదమూడు గంటల కన్నా పొడుగ్గా ఉన్నంతకాలం ఆకులు వేస్తూ కొమ్మలు వేస్తూ ఎదుగుతూనే ఉంటుంది, దసరా టైముకి పొద్దు పొట్టిదవగానే మొగ్గ తొడుగుతుంది. పువ్వు ఒక్క రోజే ఉంటుంది, లేత పసుపు, మధ్యలో ముదురు ఎరుపు మచ్చ, సాయంత్రానికి వాడిపోతుంది. ఆ తర్వాత రెండు మూడు వారాల్లో రేకులు కోతకి వస్తాయి. లెక్క వేసుకోండి, సరిగ్గా నవంబర్ డిసెంబర్. అందుకే జమైకాలో అది క్రిస్మస్ పానీయం అయ్యింది, మతానికి దానికి సంబంధం ఏమీ లేదు, పండగ రోజుకి చేలో ఏది ఎర్రగా నిండుగా ఉందో అది గ్లాసులోకి వచ్చింది, మన సంక్రాంతికి కొత్త బియ్యం, చెరుకు, గుమ్మడికాయ వచ్చినట్టే.

ఇంకో తమాషా, మ్యాప్ తీసి చూడండి. జమైకా రాజధాని కింగ్‌స్టన్ ఉన్నది 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద. మన విజయనగరం, శ్రీకాకుళం కూడా దాదాపు అదే గీత మీద ఉన్నాయి. అదే పొద్దు, అదే పొట్టి పగళ్ళు. శ్రీకాకుళం, విజయనగరం వైపు గోగు పంట నార కోసం వేసేవాళ్ళు, జూట్ మిల్లులకి వెళ్ళేది, అంటే ఈ మొక్కలూ దీని దగ్గరి చుట్టాలూ పొలాల నిండా ఉన్న ప్రాంతం అది. కానీ నార కావాలంటే పూత వచ్చే టైముకే కోసి నీళ్ళలో ఊరేయాలి, ఆకు కావాలంటే మోకాలెత్తు రాకముందే కట్టలు కట్టాలి. రెండు దారుల్లోనూ ఆ ఎర్ర రేకుకి మన దగ్గర చోటు లేకుండా పోయింది. పూర్తిగా లేదనీ అనలేం, గోంగూర కాయల పచ్చడి చేసుకునే ఇళ్ళు ఉన్నాయి, జార్ఖండ్ వైపు ఆదివాసీలు కుద్రుమ్ అని ఈ రేకులతోనే చట్నీ నూరుకుంటారు. అంటే రేకు దొరికినా కూడా మనకి వచ్చే ఆలోచన రోలే.

మొక్క పుట్టిల్లు ఆఫ్రికా అనే వృక్షశాస్త్రవేత్తలే ఎక్కువ. అక్కడి నుంచి అట్లాంటిక్ దాటింది బానిస ఓడల కాలంలో, 1707 కల్లా జమైకాలో పెరుగుతున్నట్టు రికార్డు ఉంది. కాబట్టి మన కూలీలు తీసుకెళ్ళిన గోంగూర కాదు ఇది, వాళ్ళు వెళ్ళేసరికే అక్కడ పాతుకుపోయి ఉంది. చెరుకు తోటల్లో చావు చాకిరీ చేసిన వాళ్ళకి ఏడాదిలో దొరికే కొద్ది సెలవుల్లో క్రిస్మస్ ఒకటి, అప్పుడు పెరట్లో ఎర్రగా ఉన్నది ఇది, చేతిలో ఉన్నది ఆ చెరుకు పంచదారా, రమ్మూ. ఈ పానీయం తీపి వెనక ఎవరి చెమట ఉందో తెలిశాక ఊరికే కలర్‌ఫుల్ క్రిస్మస్ డ్రింక్ అని రీల్స్ చేసేవాళ్ళని చూస్తే నాకు కొంచెం చిరాకేస్తుంది.

పచ్చి రేకులున్న చోట ఈ పానీయం సీజన్‌కి కట్టుబడి ఉంది, ఎండబెట్టడం మొదలెట్టిన చోట మాత్రం క్యాలెండర్ తో పని లేకుండా పోయింది. పది కిలోల పచ్చి రేకులు ఎండితే కిలో అవుతాయి, గోతాల్లో పోసి ఎక్కడికైనా పంపొచ్చు. ఈజిప్టులో అస్వాన్ బజారు ఈ గోతాలకి పేరు, దానికి దక్షిణాన సూడాన్ లో కొర్దొఫాన్ ప్రాంతం నుంచి వచ్చే సరుకుకి ఇంకా పేరు. అక్కడ కర్కదే చలికాలం వేడిగా, ఎండాకాలం చల్లగా, పెళ్ళిలో గ్లాసులెత్తి పెళ్ళికొడుకునీ పెళ్ళికూతురినీ దీవించడానికి. మద్యం లేని చోట మద్యం రంగున్న గ్లాసు, పెళ్ళి ఫోటోల్లో ఏ తేడా ఉండదు. రంజాన్ నెలలో ఉపవాసం విడిచే వేళ బల్ల మీద ఇది, పక్కనే చింతపండు షర్బత్, ఎండు ఆప్రికాట్ల నుంచి తీసే ఖమరుద్దీన్, అతిమధురం నీళ్ళు. ఆ అతిమధురం నీళ్ళు అమ్మేవాడు పెద్ద ఇత్తడి కూజా ఒంటికి కట్టుకుని చేత్తో తాళాలు వాయించుకుంటూ వీధుల్లో తిరుగుతాడు, నేను కైరో వీడియోల్లో చూడటమే, పక్కనుంటే ఆ తాళాల మోతకే ఆగి కొనేస్తానేమో. కర్కదే మాత్రం నాకు కొంచెం తీపి ఎక్కువ, అల్లం లేదు లవంగం లేదు, ఒట్టి పులుపు ఒట్టి తీపి. ఈజిప్టు ఫ్రెండ్స్ కోప్పడితే పడనీ.

సెనెగల్ వాళ్ళది అలా కాదు. బిస్సాప్ లో పుదీనా వేస్తారు, కొందరు నారింజ పూల నీళ్ళు, వనిల్లా చక్కెర. డకార్ వీధుల్లో చిన్న ప్లాస్టిక్ సంచుల్లో ముడేసి గడ్డకట్టించి అమ్ముతారు, మూల కొరికి పీల్చుకోవడమే, మనం చిన్నప్పుడు స్కూలు బయట పాల ఐస్ ప్యాకెట్లు అలానే తాగేవాళ్ళం. ఇంట్లో శుభకార్యం అంటే మూడు జగ్గులు రావాలి, ఎర్రది బిస్సాప్, పసుపుగా ఉండేది అల్లం రసం, తెల్లగా చిక్కగా ఉండేది బావొబాబ్ కాయ గుజ్జు. బావొబాబ్ అంటే ఎక్కడో ఆఫ్రికా అడవి చెట్టు అనుకోకండి, హైదరాబాద్ లో గోల్కొండ నయా ఖిలాలో హతియాన్ కా ఝాడ్ అని ఏనుగంత బోదెతో ఉంటుందే, అదే చెట్టు. మన దగ్గర దాని ముందు నిలబడి సెల్ఫీ దిగుతాం, వాళ్ళు జ్యూస్ తాగుతారు.

సెనెగల్ వాళ్ళ మీద నాకు గౌరవం పెరిగింది మాత్రం వేరే కారణానికి, వాళ్ళు ఆకుని కూడా వదల్లేదు. వాళ్ళ జాతీయ వంటకం చెబు జెన్, చేప టమాటా అన్నం, 2021 లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది, దాని పక్కన నంజుకోవడానికి గోంగూర ఆకు ఉడికించి బెండకాయతో కలిపి మెదిపిన పుల్లటి ముద్ద ఒకటి పెడతారు. అన్నం, చేప, గోంగూర ముద్ద, పక్కన గోంగూర రసం. ఆ పళ్ళెం ముందు గుంటూరు వాళ్ళని కూర్చోబెడితే పాస్‌పోర్ట్ అడగకుండా తినేస్తారు.

ఘానా సోబొలో, నైజీరియా జోబో అల్లం, లవంగం, అనాస తొక్కల దారిలో వెళ్తాయి, ఘాటు జమైకాకి దగ్గర. ట్రినిడాడ్ లో దాల్చినచెక్క వేస్తారు, అక్కడ బీరు కంపెనీలు డిసెంబర్ లో సారెల్ షాండీ (బీరులో తీపి పానీయం కలిపింది) కూడా దింపుతాయి, నాకు నచ్చలేదు, దగ్గు మందులా ఉంది. పనామాకి ఈ అలవాటు కాలువ తవ్వడానికి వెళ్ళిన కరీబియన్ కూలీలతో వెళ్ళింది, అక్కడా అల్లం వేసి క్రిస్మస్‌కే.

మెక్సికో గురించి కొంచెం ఆగి చెప్పాలి. మామూలు రోజుల్లో అక్కడ ఏ టిఫిన్ సెంటర్ లాంటి చోటికెళ్ళినా గాజు జాడీల్లో మూడు రంగులు కనపడతాయి, బియ్యం నానబెట్టి రుబ్బిన తెల్లటి ఓర్చాతా, చింతపండు నీళ్ళు, ఈ ఎర్ర హమైకా. డిసెంబర్ 16 నుంచి 24 దాకా లాస్ పొసాదాస్ అని తొమ్మిది రాత్రుళ్ళు ఇంటింటికీ పాటలు పాడుకుంటూ తిరుగుతారు, మేరీ జోసెఫ్‌లు తలదాచుకోడానికి చోటు అడిగినట్టు తలుపులు తట్టి అడుగుతారు, చివరికి ఒకింటి వాళ్ళు తలుపు తీసి లోపలికి పిలిచి వేడి వేడి పోంచె పోస్తారు. పెద్ద డేగిశాలో జామకాయలు, తెహొకోతె అనే చిన్న పసుపు పళ్ళు, చెరుకు ముక్కలు, చింతపండు, దాల్చినచెక్క, ఎర్ర రేకులు, తీపికి పిలొన్సియో. పిలొన్సియో అంటే అచ్చు బెల్లమే, శంకు ఆకారంలో పోస్తారంతే. జామకాయ, చెరుకు, చింతపండు, బెల్లం, గోంగూర... సరుకులు చదువుతుంటే మెక్సికో పండగో మా పెదనాన్న గారి దొడ్డో అర్థం కాదు. ఇంకోటి, వడకట్టాక మిగిలిన రేకుల్ని వాళ్ళు పారేయరు, ఉల్లిపాయతో వేయించి టాకోల్లో పెట్టుకుంటారు. అమ్మకి ఇది చెప్తే మెక్సికో వాళ్ళు పర్లేదే అంది, మిగతా దేశాలకి ఆ సర్టిఫికెట్ ఇంకా రాలేదు.

అమెరికాలో డాలస్, హ్యూస్టన్ వైపు ఉన్న మన వాళ్ళు జూన్‌టీన్త్ రోజున ఆఫీసుకి సెలవు అని సంతోషపడతారు గానీ ఆ రోజు బల్ల మీద ఎర్ర పానీయం ఎందుకు ఉంటుందో గమనించి ఉండరు. 1865 జూన్ 19 న టెక్సాస్ లో గాల్వెస్టన్ ఊళ్ళో బానిసత్వం రద్దయిందన్న ఆజ్ఞ చదివారు, లింకన్ ప్రకటన అమల్లోకి వచ్చిన రెండున్నరేళ్ళకి. 2021 లో అది దేశమంతా సెలవయింది. ఆ రోజు ఎరుపు తాగాలి, ఎరుపు తినాలి, పుచ్చకాయ, ఎర్ర కేకు, ఎర్ర సోడా. ఈ ఎరుపు పశ్చిమ ఆఫ్రికా కోలా గింజ, బిస్సాప్ పానీయాల జ్ఞాపకమని తిండి చరిత్ర రాసేవాళ్ళు చెప్తారు. మధ్యలో చాలాకాలం స్ట్రాబెర్రీ సోడాలు ఆ చోటు ఆక్రమించాయి, ఇప్పుడు మళ్ళీ చాలా ఇళ్ళల్లో ఎండు రేకులు నానబెడుతున్నారు.

చేసుకోవాలనుకునే వాళ్ళకి నా కొలత: ఎండు రేకులు 50 గ్రాములు, నీళ్ళు రెండు లీటర్లు, అల్లం 100 గ్రాములు తురిమి, లవంగాలు ఏడెనిమిది, ఆల్‌స్పైస్ పది గింజలు, దొరక్కపోతే చిన్న దాల్చినచెక్క ముక్క. నీళ్ళు మరిగించి స్టవ్ ఆపేసి అన్నీ అందులో వేసి మూతపెట్టి పడుకోండి. పొద్దున వడకట్టి పావు కిలోకి కొంచెం తక్కువగా పంచదార. బెల్లం వేస్తే రుచి బాగుంటుంది గానీ ఆ ఎరుపు పోయి గోధుమ రంగుకి తిరుగుతుంది, మెక్సికో పోంచెలో అది పర్లేదు, గ్లాసులో పోసి అతిథులకి ఇవ్వాలంటే పంచదారే. అల్యూమినియం గిన్నె, ఇనుప మూకుడు వద్దు, స్టీలు గానీ గాజు గానీ. ఇది గోంగూర పచ్చడి జాడీలో పెట్టే ఇంట్లో పుట్టిన వాళ్ళకి చెప్పక్కర్లేదు. ఫ్రిజ్ లో వారం ఉంటుంది. పిల్లలుంటే ఒక చిన్న కప్పులో తీసి చిటికెడు వంటసోడా వేయించండి, ఎరుపు కాస్తా నీలం ఆకుపచ్చ కలిసిన బూడిద రంగుకి మారిపోతుంది, నిమ్మకాయ పిండితే మళ్ళీ ఎర్రబడుతుంది. అందుకే సర్వ్ చేసే ముందు నాలుగు చుక్కలు నిమ్మరసం, రంగు నిలబడుతుంది. బీపీకి మంచిదని వాట్సాప్ లో తిరుగుతుంటుంది, ఇందులో కొంత నిజం ఉంది, 2010 లో వచ్చిన ఒక అమెరికన్ స్టడీలో రోజూ మూడు కప్పులు పంచదార లేకుండా ఆరు వారాలు తాగిన వాళ్ళకి పై నంబరు ఏడు పాయింట్ల దాకా తగ్గింది, కానీ టాబ్లెట్లు వాడేవాళ్ళు, కడుపుతో ఉన్నవాళ్ళు డాక్టర్ని అడక్కుండా రోజూ తాగకండి. రమ్ము కలిపి బీపీ గురించి అస్సలు మాట్లాడకండి.

హైదరాబాద్, విజయవాడ వాళ్ళు కొనేటప్పుడు ఒక్కటి చూసుకోండి, ఆన్‌లైన్ లో హైబిస్కస్ టీ అని కొందరు మందార రేకులు ఎండబెట్టి అమ్ముతున్నారు, అది వేరే మొక్క, ఆ పులుపు రాదు. ప్యాకెట్ లో రేకులు పల్చగా కాగితం ముక్కల్లా ఉంటే మందారం, ముదురు రంగులో మందంగా, కోసుగా, అడుగున తొడిమ దగ్గర కలిసి ఉంటే గోంగూర. పెరడు ఉన్నవాళ్ళైతే అసలు కొనొద్దు, ఎర్ర గోంగూర రెండు మొక్కలు కోయకుండా డిసెంబర్ దాకా వదిలేయండి, ఆకు రకాలకి రేకులు కరీబియన్ వాటంత లావుగా రాకపోవచ్చు గానీ ఒక జగ్గుకి సరిపోతాయి. ఇంట్లో ఎవరైనా ఆ ఆకు మీద చెయ్యి వేస్తే మాత్రం గట్టిగా అరవండి.